చరణం చెల్లెలిది

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. యాభై ఎనిమిదేళ్ళు. గౌనైనా స్కర్టైనా ఆమె చేతిలో పడిందంటే ఇక వంక పెట్టేవాళ్ళుండరు. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పదకొండేళ్ళుగా సొంత అక్క గడప తొక్కలేదంటే చూసుకోండి మరి.

గొడవ ఆస్తి గురించా అంటే, అబ్బే, కాదు. అక్క కూతురి పెళ్ళికి ఈవిడ నెల్లాళ్ళు కూర్చుని గౌను కుట్టింది. అక్కా టైలరే. పెళ్ళినాటి పొద్దున భుజం దగ్గర ముడత కనబడిందని, చుట్టాలందరి ముందూ అక్క కత్తెర తీసి ఆ కుట్లు విప్పేసింది. ఒక టైలరు కుట్టినదాన్ని ఇంకో టైలరు నలుగురిలో విప్పడమంటే చెంప పగలగొట్టడమే! "నా కుట్టు విప్పుతావా? ఇక నీ మొహం చూస్తే ఒట్టు" అని ఈవిడ మంచినీళ్ళైనా ముట్టకుండా వచ్చేసింది.

మొన్న ఆదివారం ఆ పెళ్ళికూతురే ఫోన్ చేసింది.

"పిన్నీ, కోపం తెచ్చుకోకు. అమ్మకి ఏమీ గుర్తుండటం లేదు. నన్ను కూడా ఎవరే నువ్వంటోంది. ఒక్క పాట మాత్రం పాడుతుంది, అదీ సగమే. 'మిగతాది మా చెల్లి పాడాలి' అని ఆపేసి, నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. ముద్ద కూడా ముట్టదు."

టైలరమ్మకి వెంటనే తెలిసిపోయింది. పదిహేనూ పదిహేడేళ్ళ వయసులో ఇద్దరూ అమ్మ కొట్లో పనిచేసేవాళ్ళు. స్కర్టు అంచు మడిచి గుండుసూదులు గుచ్చడం వాళ్ళ పని. ముందు భాగం చెల్లెలిది, వెనక భాగం అక్కది. గుచ్చేటప్పుడు సూదులు పెదాల మధ్య పట్టుకోవాలి, అందుకని పాడటానికి నోరుండదు. ఆ ఏడాది రేడియోలో రోజూ ఒక కుర్రకారు పాట వచ్చేది. చెల్లెలు ముందు గుచ్చుతుంటే అక్క పల్లవి ఎత్తుకునేది: "వస్తావా వస్తావా, వానొచ్చేలోగా వస్తావా." తర్వాత సూదుల డబ్బా చేతులు మారేది, చెల్లెలు చరణం అందుకునేది. "మింగి చస్తారే, నోరు ముయ్యండి!" అని అమ్మ కేకలేసేది. అలా పల్లవి అక్క సొత్తు, చరణం చెల్లెలి సొత్తు అయిపోయింది.

"ఫోన్ అమ్మ దగ్గర పెట్టు" అంది టైలరమ్మ.

అక్క పల్లవి పాడింది. గొంతు వణికినా రాగం చెక్కుచెదరలేదు. పాడి ఆగింది. టైలరమ్మ నోరు తెరిచింది. ఒక్క ముక్క రాదే! రోజుకి పదిసార్లు పాడిన చరణం తుడిచిపెట్టుకు పోయింది. అవతల అక్క ఎదురుచూస్తూ ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. ఫోన్ పెట్టేసి భోరుమంది.

మూడు రోజులు పిచ్చిదానిలా తిరిగింది. పాత క్యాసెట్ల కొట్టువాణ్ణి అడిగింది, ఫోన్లో వెతికించింది. ఆ పాటేమిటో తెలిసినవాడే లేడు. "కుట్లు విప్పిన సంగతి పదకొండేళ్ళు పూసగుచ్చినట్టు గుర్తుపెట్టుకున్నాను. పాట మాత్రం మర్చిపోయాను. ఏం మనిషినే నేను!" అని తనను తానే తిట్టుకుంది.

గురువారం ఒక టీచరమ్మ స్కర్టు అంచు సరిచేయించుకోవడానికి వచ్చింది. టైలరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ముందంతా గుచ్చింది. మనసు ఎక్కడుందో ఏమో, నోట్లో సూదులు తీసి డబ్బాలో వేసి, పక్కన ఎవరో ఉన్నట్టు ఆ డబ్బా అందించబోయింది. నోరు ఖాళీ అయిందో లేదో చరణం దానంతటదే వచ్చేసింది.

"గొడుగు ఒకటే ఉంది, అయినా చాలుతుంది..."

"ఏమైందండీ?" అని టీచరమ్మ బిత్తరపోయింది. టైలరమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఆ నాలుగు లైన్లూ కొలతల పుస్తకంలో గీకేసి, వెనక భాగం రేపు గుచ్చుతానని చెప్పి, కొట్టు మూసి బస్సెక్కింది.

అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కి సగమైంది. కూతురు వంగి, "అమ్మా, పిన్ని వచ్చింది" అని చెప్పింది.

అక్క ఎగాదిగా చూసి నవ్వింది. "ఊరుకోవే. మా చెల్లి ఇంత ముసలిదా?"

టైలరమ్మ నేల మీద కూర్చుని చరణం పాడింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు. అక్క కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ చివరిదాకా వింది.

"ఎంత బాగా పాడావమ్మా" అంది. "మా చెల్లిదీ ఇదే పాట. దానికి నా మీద కోపం, అందుకే ఇటు రాదు. అంతమందిలో దాని కుట్లు నేను విప్పకుండా ఉండాల్సింది. పాపం, నెల్లాళ్ళు కుట్టింది. నీకెక్కడైనా కనబడితే ఒకసారి రమ్మని చెప్తావా తల్లీ?"

టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"చెప్తానండీ" అంది.