కోరుట్ల వంటావార్పులో ఫ్యాక్టర్ ఎయిట్

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడు శ్రీనివాస్ కుడిచేతి వేళ్లు పాత కాలిన గాయంతో అరచేతిలోకి ముడుచుకుపోయాయి. తెగిన పోగు అతకలేని చేతికి మగ్గం దగ్గర పని దొరకదు. ముడతలు విడదీసి, తొడ చర్మం తెచ్చి గ్రాఫ్ట్ వేయాలి.

చిక్కల్లా అతనికి హీమోఫీలియా. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఎయిట్ ఒంట్లో తక్కువ. దాన్ని పూటపూటకూ బయటినుంచి ఎక్కించాలి. లేదంటే గ్రాఫ్ట్ కింద రక్తం నిండి అతికించిన చర్మం లేచిపోతుంది.

మందు మొత్తం వచ్చాకే కత్తి పట్టాలన్నది మా సర్జన్ నియమం. మా దగ్గర ఉన్నది రెండు రోజులకే. "మిగిలింది ఎల్లుండికల్లా వస్తది సార్" అని తొందరపెట్టింది నేనే. ఆపరేషన్ అయింది. మూడోరోజు దారులన్నీ బంద్!

సాయంత్రం ఆరింటికి డోసు. శ్రీనివాస్ బావ మల్లేశం మిగతా మందు ఐసు డబ్బాలో పెట్టుకుని బండిమీద జగిత్యాలకు బయల్దేరి, మధ్యాహ్నం కోరుట్ల నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఉద్యమకారులు దారి ఆపి, రోడ్డుమీదే వండి అందరికీ వడ్డించే వంటావార్పు నిరసన పెట్టారు.

"సిస్టర్, అన్నం తినకుంటె పోనిస్తలేరు."

"డబ్బా యాడున్నది?"

"నీడ ఉన్నదని పొయ్యిపక్కన పెట్టిండ్రు."

వేడి తగిలితే మందు పాడవుతుంది. "ముందు డబ్బా జరుపు! ఎవలన్న పెద్దోళ్లకు ఫోనియ్యి!" అని అరిచాను.

వంట చేస్తున్న ఒకావిడ అందుకుంది. "ఏందమ్మా?"

"అవ్వా, గా డబ్బల మందు లేకుంటె మా పేషెంటుకు నెత్తురు ఆగదు."

"అయ్యో, ముందే చెప్పొద్దా? ఓరి పిలగాండ్లూ, తొవ్వ ఇడువుండ్రి! గాయినకు అన్నం మూటగట్టుండ్రి!"

దారిలో మిగతా బంద్‌లు కూడా దాటుకుని అయిదున్నరకు మల్లేశం వచ్చేశాడు. ముందొక బండి, వెనకొక బండి, రెంటికీ జెండాలు! డబ్బా తెరిచి సీసాలు పట్టుకున్నాను, ఇంకా చల్లగానే ఉన్నాయి. ఆనందంతో ఏడ్చేశాను. ఆరింటికి డోసు పడింది. ఆ మూటలోని పులిహోర థియేటర్ స్టాఫ్ అందరం తిన్నాం.

ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఆఖరి డోసు దాకా కళ్లతో చూడనిదే నేను ఒక్క పేషెంటునూ టేబుల్ ఎక్కించలేదు. సర్జన్లే తొందరపెట్టినా సరే.

నెలన్నరకు శ్రీనివాస్ చూపించుకోవడానికి వచ్చాడు. ట్రేలోని గాజుగుడ్డ నుంచి ఒక పోగు లాగి, తెంపి, కుడిచేతి వేళ్లతోనే అతికి నా ముందు పెట్టాడు.

"గుంజి చూడు సిస్టర్."

గుంజాను. తెగలేదు.