బాలింతకు అరగ్లాసు నీళ్ళు

మెట్రో ఇంకా ఘాజియాబాద్ దాకా రాని రోజులు, మండే మే నెల. మా చెల్లెలు ప్రసవించి పదకొండు రోజులైంది. పురిటికని భీమవరం నుంచి వచ్చిన అమ్మ కూలర్ ఆపించి, చెల్లెలి చెవుల్లో దూది పెట్టి, పూటకు అరగ్లాసు నీళ్ళు కొలిచి పోసేది. "ఎక్కువ తాగితే పొట్ట జారిపోద్దే" అనేది. "అక్కా, ఒక్క గుక్క" అని చెల్లెలు బతిమాలితే సీసా తీసి ఫ్రిజ్ మీద పెట్టినదాన్ని నేనే. అమ్మ మాటకు కాపలా కాయడంలో నన్ను మించినవాళ్ళు లేరు మరి!

మూడు రోజులుగా తలనొప్పి అంటోంది. మా సెక్టార్ డాక్టరు నిద్ర చాలక అని మాత్రలిచ్చాడు. ఆ పొద్దున పిల్లాడిని నాకు అందించబోతూ దాని కుడిచెయ్యి వాలిపోయింది. గబుక్కున పట్టుకున్నాను. మాట కూడా ముద్దగా వస్తోంది.

"గాలి సోకింది, దిష్టి తీస్తాను" అంది అమ్మ.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు, పద" అని ఆటో పిలిచాను. పిల్లాడిని ఎత్తుకుని అమ్మా ఎక్కింది.

ఢిల్లీ పెద్దాసుపత్రిలో మామూలు స్కాన్ తీసి, ఏమీ లేదన్నారు. "కమ్‌జోరీ హై, ఘర్ లే జాయియే" అంటూ, నీరసమేనని ఇంటికి పంపబోయాడు అక్కడి డాక్టరు. నాకు ఒళ్ళు మండింది. దాని చెయ్యి ఎందుకు లేవట్లేదో చెప్పేదాకా కదలనని బెంచీ మీద కూర్చున్నాను. నా కేకలకు లోపలి నుంచి పెద్ద డాక్టరమ్మ వచ్చింది. చెల్లెలి చెయ్యి ఎత్తించి చూసి, "పానీ కిత్‌నా పీతీ హై?" అని, నీళ్ళు ఎన్ని తాగుతోందో అడిగింది.

అమ్మనడిగితే గర్వంగా చెప్పింది. "పూటకి అరగ్లాసు. చుక్క ఎక్కువ పొయ్యలేదు."

ఆ మాట హిందీలో చెప్పడానికి నాకు సిగ్గేసింది. అయినా చెప్పాను.

వెంటనే ఎమ్మారై తీశారు. మెదడులోని సిరలో రక్తం గడ్డకట్టింది. బాలింతలకు అరుదుగా ఇలా అవుతుందని, ఒంట్లో నీరు తగ్గితే ముప్పు ఇంకా ఎక్కువని, రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇవ్వాలని డాక్టరమ్మ చెప్పింది.

"పచ్చి బాలింతకి రక్తం పలచన చేస్తారా!" అమ్మ వణికిపోయింది. నాకూ భయమే. కానీ ఇవ్వకపోతే మనిషే దక్కకపోవచ్చట. చెల్లెలి మొగుడు టూరులో ఉన్నాడు. సంతకం నేనే పెట్టాను.

ఇంజెక్షన్లు మొదలెట్టిన ఆరోరోజు అమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. పట్టబోతే చెల్లెలు నన్ను ఆపి, కుడిచేత్తో అందుకుంది. సగం పక్క మీదే ఒలికింది. మిగతాది తాగి గ్లాసు నా వైపు చాపింది.

"ఇంకోటి పొయ్యవే అక్కా. ఈసారి ఫ్రిజ్ మీద పెట్టకు."

పోస్తూ బావురుమన్నాను.