వివరించినవారి పేరు

రిటైరవడానికి మూడేళ్ల ముందు, డిసెంబరులో, మా హైస్కూలు తొమ్మిదో తరగతి విజ్ఞానయాత్రకు నన్ను ఇన్‌చార్జిగా వేశారు. మార్కాపురం పక్క మండలంలో సోషల్ మాస్టరుగా పనిచేస్తున్న రోజులవి. కృష్ణ ఒడ్డున ఉన్న పాత శిల్పాల మ్యూజియం పిల్లలకు చూపించి రావాలి. ఇన్‌చార్జి పని బస్సు ఎక్కించి దించడంతో అయిపోదు. వారంలోగా టూరు రిపోర్టు రాయాలి. అందులో ‘వివరించినవారు’ అని ఒక గడి, చివర ‘రిమార్కులు’ అని ఇంకొకటి ఉంటాయి.

తోడుగా డ్రాయింగు చెప్పే దావీదు వచ్చాడు. అతను పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టరు. ఏటా వేసవిలో హెడ్మాస్టరు సిఫారసు చేస్తేనే మరో ఏడాది ఉద్యోగం.

నేను పది రోజులు కూర్చుని నోట్సు తయారు చేసుకున్నాను. మ్యూజియం మొదటి గదిలో రాజవంశాలు, కాలాలు చెబుతూ పోతుంటే పిల్లలు తలెత్తకుండా రాసుకున్నారు. రెండో గదిలో వెనక్కి చూస్తే నా వెంట నలుగురే ఉన్నారు. మిగతావాళ్లు దావీదు చుట్టూ, ఒక విరిగిన శిల్పం ముందు నేల మీద కూర్చున్నారు. దీన్ని ఎట్ల చెక్కి ఉంటారని అతను అడిగాడు, అంతే.

సువార్త లేచింది. రాతి పలకల ఫ్యాక్టరీ కూలీ కూతురు. ఏడాదంతా నా క్లాసులో నోరు తెరవని పిల్ల.

“ఇక్కడ ఉలి జారింది సార్. మా నాయన చేతిలో పలక ఇట్లనే పెళ్ల లేస్తాది.”

“లేస్తే?”

“మేస్త్రీ తిడతాడు.”

“పాపం, ఈయన్ని ఎంత తిట్టినాడో,” అన్నాడు దావీదు. గదంతా నవ్వింది. నా వెంటున్న నలుగురూ అటే పోయారు.

నేను విజిల్ ఊది, అందర్నీ బయటికి నడిపించాను. బస్సుకు ఇంకా గంట టైముంది.

తిరుగు ప్రయాణంలో పిల్లలు అతన్ని వెనక సీట్లోకి లాక్కుపోయారు. ఇన్‌చార్జికని ఉంచే ముందు సీట్లో నేనొక్కణ్ణే కూర్చుని, ఎర్రగొండపాలెం దాటేదాకా ఆ నవ్వులు విన్నాను.

రిపోర్టులో వివరించినవారి గడిలో నా పేరు రాశాను. రిమార్కుల్లో, డ్రాయింగు ఇన్‌స్ట్రక్టరు ఒకే విగ్రహం దగ్గర అరగంట గడపడం వల్ల మిగతా గదులు చూడలేకపోయామని రాశాను. అరగంట నిజమే. విజిల్ సంగతి రాయలేదు.

ఏప్రిల్లో హెడ్మాస్టరు ఆ కాగితం చూసి సిఫారసు ఆపేశారు. దావీదు మా ఇంటికి వచ్చాడు.

“అన్నా, నా మీద ఎవురన్నా ఏమన్నా రాసినారా?”

తెలియదన్నాను. నమ్మి, టీ తాగి వెళ్లాడు. ఇప్పుడు పొదిలిలో దుకాణాల బోర్డులు రాస్తున్నాడు.

తరవాతి ఏడు పదో తరగతిని అదే మ్యూజియానికి తీసుకుపోయాను. ఆ విగ్రహం ముందు సువార్త ఆగింది. “దావీదు సార్ రాలేదేంది సార్?” అంది. నోట్సు తీసి కాలం, వంశం చెప్పాను. రాసుకుంది.

మ్యూజియానికి పిల్లల్ని తీసుకుపోయేవాడు తనకు తెలిసింది చెప్పేముందు వాళ్లకు తెలిసింది అడగాలి. అది నేను నేర్చుకున్నది దావీదు దగ్గర. ఆ రోజు వివరించినవారు దావీదు, సువార్త. రిపోర్టులో రాయాల్సింది అది.