నా ఆనపపాదు దగ్గర మామ్మగారు

మూడో అంతస్తు మామ్మగారు పోయారన్న కబురు ఉదయం కాఫీ వేళ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో వచ్చే దేన్నీ నేను నమ్మను. రేపు నీళ్ళు రావని పెట్టిన రోజునే ట్యాంకు పొంగి పొర్లుతుంది. మూడు వారాల క్రితం ఆవిణ్ణి కాకినాడ ఆస్పత్రిలో చేర్చారని తెలుసు. అయినా కిందికి దిగి వాచ్‌మన్‌ని అడిగాను. మళ్ళీ మెట్లెక్కి ఆవిడ గుమ్మం ముందు ఎన్ని చెప్పులున్నాయో చూశాను. చాలా ఉన్నాయి. అప్పుడు నమ్మాను.

ఇలా వాకబు చేసుకున్నందుకు ఆవిడైతే నన్ను మెచ్చుకునేవారు. "చెప్పింది నమ్మకండి బాబూ, కాసింది నమ్మండి" అనేవారు ఎప్పుడూ.

మాది రాజమండ్రిలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. చుట్టూ మిగిలిన కాస్త నేలలోనూ కార్లు పెట్టారు. ఏం పండించుకోవాలన్నా డాబా మీదే. అసోసియేషన్ వాళ్ళు సున్నంతో గీతలు గీసి ఫ్లాటుకింత అని చోటు పంచారు. నాకు వాటర్ ట్యాంకు పక్కన నులకమంచం పట్టేంత జాగా వచ్చింది. గీతకి అవతల మామ్మగారిది. ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు చూస్తున్నవాణ్ణి, సంతకం లేని కాగితాన్ని ముట్టని అలవాటు నాది. అందుకని మొదటిరోజే టేపు పట్టుకెళ్ళి కొలుచుకుంటున్నాను. "రెండో కొస కూడా కొలవండి బాబూ, గీత వంకరపోయింది" అని వెనకనుంచి వినిపించింది. అదే మా పరిచయం. కొలిచి చూస్తే నిజంగానే వంకర, నా వైపు బెత్తెడు ఎక్కువొచ్చింది. ఆ బెత్తెడు ఆవిడ అడగలేదు. ఎందుకు అడగలేదా అని నాకు వారం రోజులు అనుమానం.

ఆవిడ కడియం నర్సరీల్లో వయసంతా కూలిపని చేశారు. మామిడికీ గులాబీకీ అంట్లు కట్టి కట్టి బొటనవేళ్ళు గట్టిపడిపోయాయి. కూతురికి టీచరు ఉద్యోగం వచ్చాక ఆమెతోపాటు ఈ ఫ్లాటుకి వచ్చారు. రొయ్యలు పంపే థర్మోకోల్ పెట్టెల్లో తోటకూర, పెయింటు డబ్బాల్లో వంగ, సగానికి కోసిన నీలం డ్రమ్ములో ఆనప. ఆ మంచమంత చోటులోనే తల్లీకూతుళ్ళిద్దరికీ వారంలో నాలుగు రోజులు కూర వెళ్ళిపోయేది. చోటు చాలదని నేను గొణిగితే, "వేరుకి లోతు కావాలి, ఆకుకి ఎండ కావాలి. మీ పేరున పట్టా ఉందా లేదా అని మొక్క అడగదండి" అనేవారు.

నేను కొత్తగా కొన్న మట్టి బస్తా విప్పితే ఆవిడ గుప్పెడు తీసి వాసన చూశారు.

"ఎవరిచ్చేరండి ఇది?"

"షాపులో కొన్నాను. రెడీమిక్స్."

"ఊక బూడిదే కనపడతంది. ఇందులో మట్టేదండి?"

కడియం వెళ్ళి ఒండ్రుమట్టి, చివికిన పశువుల గెత్తం, కొబ్బరిపొట్టు తెచ్చి సమంగా కలుపుకోమన్నారు. ఏ నర్సరీలో అడగాలో కూడా చెప్పారు. నేను తిన్నగా దాని పక్క నర్సరీకి వెళ్ళాను. ఆవిడకి అక్కడ కమీషన్ ఉంటుందేమోనని నా లెక్క. మట్టి తెచ్చాక చూసి, "పక్కదాన్లో తెచ్చేరా? అక్కడా బానే ఉంటదండి" అన్నారు. ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

అనుమానంలో ఆవిడ నాకు తీసిపోరు. బజారు ఆకుకూర గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఏ కాలవ నీళ్ళు తాగి పెరిగిందో అనేవారు. వంకాయ నిగనిగలాడితే తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టేసేవారు. "పురుగు తిన్నాక మిగిలింది మనం తినాలండి. పురుగే ముట్టనిదాన్ని నేను ముట్టను." విత్తనాల పొట్లం మీద బొమ్మనీ నమ్మేవారు కాదు. తడిగుడ్డలో కట్టి, మొలకొస్తేనే మట్టిలో పెట్టేవారు.

తన కొంగుముడిలోంచి ఒకరోజు నాకు ఆనపగింజలు అయిదు తీసి ఇచ్చారు. నేను రెండే నాటాను. ఊరికే ఎవరైనా ఎందుకిస్తారు? చేదు ఆనప ఉంటుందనీ, తింటే వాంతులై ఆస్పత్రి పాలవుతారనీ విని ఉన్నాను. పాదు పాకింది, పందిరెక్కింది, మొదటి కాయ దిగింది. కోసి, చిన్న ముక్క ప్లేట్లో పెట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళాను.

"మామ్మగారూ, తొలికాయ. ముందు మీరు తినండి" అన్నాను.

ఆవిడ ముక్కనీ నన్నూ మార్చి మార్చి చూశారు. నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. "ఆయ్, చేదు లేదండి. ఇంక వండుకోండి" అన్నారు. నా మొహం కందిపోయింది. ఆవిడ మాత్రం, "మంచి పని చేసేరు బాబూ. ఆనపకాయ ముక్క నాలిక్కి తగిలించకుండా పొయ్యెక్కించకూడదు. కాపోతే ఈసారి మీ నాలిక్కి తగిలించుకోండి" అని నవ్వారు. ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ నన్ను చీవాట్లు పెట్టింది. "అనుమానం పెనుభూతమండీ. పెద్దావిడ చేత విషపరీక్ష చేయిస్తారా?"

ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. ఆ తర్వాత పువ్వులు మాయమవుతున్నాయని గమనించాను.

ఆనప తెల్లగా, సాయంత్రం పూట పూస్తుంది. పొద్దున్న మొగ్గలు చూసుకుని ఆఫీసుకు వెళ్ళి, వచ్చేసరికి నాలుగు పువ్వులుండాల్సిన చోట రెండే ఉండేవి. కింద రాలిన రేకులు. అవి గాలికి రాలినవి కావు, గిల్లినవి. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి, పూజకి కోసుకెళ్ళే అవసరం లేదు. మరి ఎందుకు? నేను తొడిమలకి ఎర్రదారం కట్టి గుర్తు పెట్టుకున్నాను. దారం కట్టినవే పోయాయి. ఒక సాయంత్రం పెందలాడే వచ్చి ట్యాంకు వెనక నిలబడ్డాను. దీపాలు పెట్టే వేళకి మామ్మగారు వచ్చారు, గీత దాటారు, నా పందిట్లో చెయ్యి పెట్టారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గుప్పెట్లో నా పువ్వుంది.

"ఏటీ లేదు బాబూ. చూస్తన్నాను."

"చూడ్డానికి కొయ్యక్కర్లేదు కదండీ."

 ఆవిడ నా మొహంలోకి చూశారు. తర్వాత, "నమ్మకం లేకపోతే వల కట్టుకోండి" అని తన వైపుకి వెళ్ళిపోయారు. నేను ఊరుకోలేదు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారికి చెప్పాను. వాచ్‌మన్‌కి చెప్పాను. కాకినాడ హార్బరు నుంచి పాత చేపల వల తెప్పించి పందిరి చుట్టూ బిగించాను. వాచ్‌మన్ చెప్పగా ఈ మాట ఆవిడ కూతురి చెవిన పడిందని తర్వాత తెలిసింది.

వల కట్టాక ఒక్క పువ్వూ పోలేదు. ఒక్క కాయా నిలవలేదు. పిందెలు వేలెడై, పసుపు రంగుకి తిరిగి, మెత్తబడి రాలిపోయేవి. ఆవిడ దిష్టి పెట్టారనుకున్నాను. చదువుకున్నవాణ్ణి, రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, సున్నపు చుక్కలు పెట్టిన కుండ తెచ్చి పందిరికి వేలాడదీశాను. రెండు నెలల తర్వాత కోతులొచ్చి వలని చింపి పోగులు పెట్టాయి. మళ్ళీ కట్టే ఓపిక లేక వదిలేశాను, పువ్వులు లెక్కపెట్టడమూ మానేశాను. పది రోజుల్లో పిందెలు నిలిచాయి. అది నేను వేసిన వేపపిండి గొప్పతనమని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. ఒక కాయ ఆవిడకీ ఇచ్చాను, కొంచెం గర్వంగానే. గోరుతో నొక్కి చూసి, "లేతగానే ఉందండి" అని తీసుకున్నారు. 

ఆవిడ ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ పిందెలు మళ్ళీ రాలిపోయాయి. ఈసారి ఎండని తిట్టుకున్నాను.

భూస్థాపన అయింది. చర్చివాళ్ళొచ్చి ఇంట్లో ఓదార్పు ప్రార్థనలతో ఆదరణ కూడిక పెట్టారు. ఆ మర్నాడు సాయంత్రం నేను డాబా మీద ఉండగా కూతురు వచ్చింది. నన్ను పలకరించింది. కాసేపు వాళ్ళ డబ్బాల దగ్గర నిలబడి, తర్వాత మామూలుగా గీత దాటి నా పందిట్లోంచి పొడుగు తొడిమ ఉన్న పువ్వొకటి కోసింది. రేకులు గిల్లి పారేసింది. మిగిలిన పచ్చటి కాడని, అడుగున బుల్లి కాయ ఉన్న ఇంకో పువ్వులో మెల్లగా రాసింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి అంటాలండీ. కింద తోటల్లో ఆ పని పురుగులు చేస్తాయి. ఇంత ఎత్తుకి అవి రావు. అందుకని అమ్మ రోజూ పెట్టేది" అంది. "మీదానికీ, మాదానికీ."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీరు నమ్మరంది." తర్వాత కొంచెం నవ్వింది. "పైగా మా పాదుకి మగపువ్వులు తక్కువండి. మీవే తెచ్చి పెట్టేది. అదీ చెప్పాలి కదా మరి."

అంటే నా అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఆ మాట తోచగానే ముందు సంతోషించానని ఒప్పుకోవాలి. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ఆ అమ్మాయి ఇంకో పువ్వు కోస్తూ, నావైపు చూడకుండా చెప్పింది.

"ఆస్పత్రిలో రోజూ అడిగేదండీ, ఆయన పాదుకి పువ్వు పెట్టేవా అని. నేను అక్కణ్ణుంచి కదిలితే కదా. పెట్టేనమ్మా అని అబద్ధం చెప్పేదాన్ని. కాయలెన్ని దిగేయని అడిగేది. అదీ కల్పించి చెప్పేదాన్ని. నమ్మలేదనుకుంటాను."

 దొంగతనం అంటగట్టిన మనిషిని నేను. నా పాదు కోసం ఆవిడ ఆస్పత్రి మంచం మీదనుంచి ఆరా తీశారు. నేను తిన్న ప్రతి ఆనపకాయా ఆవిడ చేతి చలవే. క్షమించమని ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అడిగితే, ఎందుకడుగుతున్నానా అని నన్నే అనుమానంగా చూసేవారేమో. అలా చూసినా బాగుండేది.

ఆ అమ్మాయికి రామచంద్రపురం బదిలీ అయింది. డ్రమ్మునీ పాదునీ నాకు వదిలి వెళ్ళింది. పువ్వు ఎలా పెట్టాలో రెండు సాయంత్రాలు నా చేత చేయించి చూసి మరీ వెళ్ళింది. నా వేళ్ళు మొరటువి, మొదట్లో ఆడపువ్వులే రెండు విరిగాయి. ఇప్పుడు పర్వాలేదు. ఆవిడ పాదుకి కూడా నేనే పెడుతున్నాను.

నిన్న సాయంత్రం అలాగే గీత దాటి, ఆవిడ పందిట్లో చెయ్యి పెట్టి ఉన్నాను. వెనక ఎవరో ఆగినట్టనిపించి తిరిగి చూశాను. ఈమధ్యే మామ్మగారి ఫ్లాటులోకి అద్దెకి దిగిన అమ్మాయి, నీళ్ళ మగ్గుతో నిలబడి నా గుప్పెట్లోకి చూస్తోంది.

"పువ్వులు కోస్తున్నారా అంకుల్?"

"లేదమ్మా, పిందె నిలవడానికి పెడుతున్నాను" అన్నాను. మగపువ్వు, ఆడపువ్వు, పుప్పొడి, పురుగులు ఇంత ఎత్తుకి రాకపోవడం, అన్నీ వివరంగా చెప్పాను.

"అలాగా అండీ" అంది. అని, మగ్గు కింద పెట్టి, తన కొత్తిమీర టబ్బుని రెండు చేతులతో నా దగ్గర్నుంచి పిట్టగోడ దాకా లాక్కుపోయింది.