పెద్దసారు కొలత స్టిక్కులు

ఆ రోజు బంతి తప్పలేదు, నేనే తప్పించాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉండేది మా ఫ్యాక్టరీ కాలనీ. కాలనీ వెనక టేకు చెట్ల మధ్య చదును చేసిన నేలలో ఆఫీసర్లు గోల్ఫ్ ఆడేవారు. సూపర్‌వైజర్ నుంచి ఆఫీసరైన ఏడాది నాన్ననూ పిలిచారు. ఆదివారం మొదటి ఆరాధనకే చర్చికి వెళ్లొచ్చి, బట్టలు మార్చుకుని పరుగెత్తేవాడు. ఫ్యాక్టరీ మేనేజరు, మేమంతా పెద్దసారు అనే ఆయన, ఆడే జట్టులో నాలుగో మనిషిగా నిలబడటం కంటే గొప్ప గౌరవం ఆయనకు ఇంకొకటి కనిపించేది కాదు.

మా కాలనీలో పెద్దసారు ఏది కొంటే అందరూ అదే కొనేవారు. ఆయన గుమ్మానికి ఆకుపచ్చ రంగు వేయిస్తే, నెల తిరిగేసరికి వీధంతా ఆకుపచ్చ గుమ్మాలే. నాన్న కూడా హైదరాబాద్ నుంచి పెద్దసారు వాడే గోల్ఫ్ స్టిక్కులే, అదే కొలతవి, తెప్పించుకున్నాడు. పెద్దసారు ఆరడుగుల మనిషి. నాన్న ఆయన భుజం దాకా కూడా రాడు.

పాత పొట్టి స్టిక్కుతో నాన్న కొట్టిన బంతి కొంచెం దూరమే అయినా తిన్నగా పోయేది. కొత్తవాటితో టేకు చెట్లలోకి పోసాగింది. బంతిని తిట్టాడు, గాలిని తిట్టాడు, గ్లవ్స్ మార్చాడు. స్టిక్కుల డబ్బాలో వచ్చిన చిన్న పుస్తకం చదివి నేను ఒకసారి అన్నాను: "నాన్నా, ఇవి నీకు పొడుగైతున్నయేమో."

"అవ్, నువ్వు తాడిచెట్టు లెక్క పెరిగినవ్ గదా, నీకు అందరూ పొట్టిగనే కనపడతరు. ఏంది, పుస్తకాలు సదివి నాకు ఆట నేర్పుతవా?"

నాది దమ్మపేట అమ్మమ్మ పోలిక. పదో తరగతికే నాన్నను దాటాను. ఆయన ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు క్వార్టర్ వెనక ఆ కొత్త స్టిక్కుతో కొట్టి చూశాను. నా చేతికి అమరింది. బంతి తిన్నగా కంచె దాటి పోయింది.

ఆ ఆదివారం ఎప్పటిలాగే ఆడవాళ్లం టిఫిన్లు పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్లాం. నాన్న వరసగా బంతులు చెట్లలోకి కొడుతున్నాడు.

"ఏమండీ, నా స్టిక్కులు కొన్నారు సరే, నా చేతులు కూడా ఎక్కడైనా అమ్ముతున్నారేమో కనుక్కోవాల్సింది," అన్నాడు పెద్దసారు. అందరూ నవ్వారు.

"స్టిక్కులల్లనే ఏందో తేడా ఉంది సార్," అన్నాడు నాన్న.

పెద్దసారు చూపు నా మీద ఆగింది. "అమ్మాయ్, టిఫిన్ కింద పెట్టి ఇలా రా. నువ్వు కొట్టు. ఈ పిల్ల తిన్నగా కొట్టిందంటే తేడా స్టిక్కులో లేనట్టే. వచ్చే వారం నుంచి మీ నాన్నగారు కుర్చీలో కూర్చుని స్కోరు రాసుకుంటారు."

నాన్న నా వైపు చూడలేదు. నేల చూస్తూ స్టిక్కు అందించాడు. నేను బంతికి జానెడు ఇవతల నేలను కొట్టాను. ఎర్రమట్టి లేచి నా చున్నీ మీద పడింది.

నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే.

"సూసిన్రా సార్! ఉత్త తిండికే పెరిగింది గిది!"

పెద్దసారు ఆయన వీపు తట్టి, వచ్చే వారం కూడా రమ్మన్నాడు.

ఇంటికి నడుస్తుంటే స్టిక్కుల సంచి నా భుజానికే ఉంది. ముందు నడుస్తున్న నాన్న ఆగి వెనక్కి తిరిగాడు. ఆ ఆట గురించి ఆయన నాతో మాట్లాడటం అదే చివరిసారి.

"సూసినవా బిడ్డా, స్టిక్కు ఎంత మంచిదైనా పట్టెటోళ్లకు రావాలె. నీకు రాదు. ఇంకోపారి గ్రౌండ్ కాడికి రాకు, నా ఇజ్జత్ పోతది."