టచింగ్ చేసిన కార్డు

గుర్తింపు కార్డులో తన ఫొటో తనకు నచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, వాడికి దండం పెడతాను. మా బావ కార్డైతే మరీ ఘోరం. బడిలో పెట్టిన క్యాంపులో కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి టక్కున నొక్కేశారు. ముఖం నల్లగా, ఒక కన్ను సగం మూసుకుని. ఆమదాలవలసలో సగం పెళ్లిళ్లకి ఫొటోలు తీసిన మనిషికి అదీ ఖర్మ!

బావంటే మా అక్క మొగుడు, నాకు కెమెరా పట్టుకోవడం నేర్పినవాడు. ఎన్నో ఏళ్లు వేరేవాళ్ల స్టూడియోల్లో జీతానికి తీశాడు. ఫొటో వెనక ముద్ర ఓనరుది. సొంత కొట్టు పెట్టుకునేనాటికి అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే. పైగా షుగరు కళ్లలోకి దిగింది. ఎడమ కన్ను పోయినట్టే, కుడిదీ ఎన్నాళ్లో చెప్పలేమన్నారు డాక్టర్లు. అప్పుడు పట్టుకుంది ఆయనకి ఒకటే కోరిక: చూపు ఉండగానే తను తీసిన ఫొటో కింద తన పేరు చూసుకోవాలని.

ఇంటర్నెట్లో ఫొటోలు అమ్మిపెట్టే సైటు ఒకటుందని నేనే చెప్పాను. అక్కడ ప్రతి ఫొటో కిందా తీసినవాడి పేరు వేస్తారు. ఖద్దరు నేసే పొందూరులో బావ తీసిన ఫొటో ఒకటి పంపాం. ఒక ముసలామె చేతులు, ఆ చేతుల్లో వాలుగ చేప దవడ, దానితో దువ్వుతున్న పత్తి. ముఖం లేదు, చేతులే. ఎంత బాగుంటుందో ఆ ఫొటో! సైటువాళ్లకీ నచ్చింది. మీరెవరో రుజువుకి గుర్తింపు కార్డు స్కాన్ చేసి పంపమన్నారు.

ఆ వారం నేను శ్రీముఖలింగంలో పెళ్లి పనిమీద ఉన్నాను. తిరిగొచ్చేసరికి బావ ముఖం వెలిగిపోతోంది.

"పంపీసానురా. ఆ కార్డులో మొకం సూసి నాకే బయమేసినాది. కాస్త టచింగ్ సేసినాను."

భుజం మీది కెమెరా సంచి దింపకుండానే అడిగాను. "ఏటి సేసినావు బావా?"

"కన్ను తెరిపించినాను, ఎనకాల నీలం ఏసినాను, మచ్చలు తీసినాను. అది తప్పేటి? టచింగ్ లేకుండా మన కొట్లోంచి ఏ ఫొటో అయినా బయటికెళ్లినాదేటి?"

నిజమే, వెళ్లలేదు. పాస్‌పోర్టు సైజైనా సరే, మొటిమ తీసి, ఒక చాయ రంగు పెంచి ఇవ్వకపోతే జనం ఊరుకోరు. నెగెటివ్ మీద పెన్సిలు పట్టిన రోజుల నుంచీ అదే ఆయన మర్యాద. ఉన్నది ఉన్నట్టు ఇవ్వడమంటే, ఇంటికొచ్చిన మనిషిని మంచినీళ్లయినా ఇవ్వకుండా పంపేసినట్టే ఆయనకి.

రెండ్రోజుల్లో జవాబొచ్చింది. కార్డును దిద్దారు, ఖాతా మూసేశాం, మీరు మళ్లీ తెరవడానికి వీల్లేదు అని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆయన అలవాటేమిటో వివరించి, బతిమాలుతూ రాశాం. అసలు కార్డూ పంపాం. మళ్లీ అవే ముక్కలు, అక్షరం మారలేదు. అవతల ఉన్నది మనిషో మిషనో కూడా తెలీదు, లేకపోతే వెళ్లి కాలరు పట్టుకుందును!

"నాను దొంగనేట్రా?" అని ఒక్కసారి అడిగాడు బావ. నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకి ఆయనే అన్నాడు, "నీ కార్డు పంపు. నీ పేరు మీద పెట్టీరా. ఫొటో అయినా బతుకుతాది."

వద్దు బావా అన్నాను. "ఒరే, సెప్పింది సెయ్యి!" అని కసిరాడు.

నా కార్డులో నేను కోతిలా ఉంటాను. ముట్టుకోకుండా పంపాను. మర్నాటికే ఒప్పుకున్నారు.

ఫొటో సైటులోకి వచ్చిన రోజు బావని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. టచింగ్‌కి వాడే భూతద్దం తెచ్చుకుని తెరకి దగ్గరగా పెట్టాడు. చేప దవడ చూశాడు, ముసలామె గోళ్లు చూశాడు, పత్తి పోగులు చూశాడు. తరవాత అద్దాన్ని మెల్లగా కిందికి జరిపి నా పేరు దగ్గర ఆపాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"అచ్చరాలు బాగా కనిపిస్తన్నాయిరా," అన్నాడు.

భూతద్దం చొక్కా అంచుతో తుడిచి డబ్బాలో పెట్టేశాడు.

ఆ చలికాలంలోనే కుడి కన్ను కూడా పోయింది. ఆ ఫొటో ఇప్పటికీ అక్కడే ఉంది, నా పేరుతో. ఎవరైనా చూసి బాగా తీశావని మెచ్చుకుంటే, నాకు తిట్టినట్టే ఉంటుంది.