చెల్లెలికి తిథి లేదు

ఈ ఉదయం ఏ ఛానెల్లోనూ సునామీ మాట ఎత్తలేదు. పద్మారావు నగర్‌లోని మా వాటాలో ఒక్కణ్ణే కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోక తిప్పుతూనే ఉన్నాను; ఒకచోట వంటలు, ఒకచోట జాతకాలు, ఇంకోచోట నాయకుల తగువు. ఇరవయ్యేళ్లు దాటిన దుఃఖాన్ని దేశం మాత్రం ఎన్నాళ్లని మోస్తుంది లెండి. అయినా ఒళ్లు మండింది.

సునామీ వచ్చిన ఆ ఏడాది మా చెల్లెలు, పెళ్లి వద్దని బడిపంతులమ్మగా స్థిరపడిపోయిన మనిషి, పౌర్ణమికి సముద్రస్నానం చేసొస్తానని మా సొంతూరి వైపు బయల్దేరింది. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కదిలేదాకా, అమ్మకి మాత్రలివ్వు, పాలు పొంగబెట్టకు అని నాకు పురమాయిస్తూనే ఉంది. పెత్తనమంటే దానిదే. ఒడ్డున దాని సంచీ దొరికింది గాని, అది దొరకలేదు.

మా ఇంట్లో పోయినవాళ్లందరికీ తిథులున్నాయి, చెల్లెలికి తప్ప. మనిషి దొరకకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చని పురోహితుడు చెప్పాడు. అది దిక్కులేనిదానిలా మిగిలిపోకూడదని నేను ఏటా అమ్మని బతిమాలాను, కసిరాను కూడా.

"దాన్ని నాకు చూపించు, అప్పుడు పెట్టరా పిండం" అనేది అమ్మ.

అందుకని మాకు మిగిలింది, టీవీవాళ్లు ఏటా సునామీ దృశ్యాలు చూపించే తారీఖే. ఆ రోజు అమ్మ టీవీకి ఆనుకున్నట్టు కూర్చుని, పరిగెత్తే జనంలో ఒక్కో ముఖమే వెతుక్కునేది. వాడంతా ఆపా అని పిలిచే పక్క వాటా ఆవిడ కుట్టుమిషను ఆపేసి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకునేది. ఎదురింటివాళ్లు, మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆయన, అందరూ వచ్చేవారు. గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు.

మొన్న వేసవిలో అమ్మ పోయింది. ఎదురిల్లు అపార్ట్‌మెంటైంది, అందులో ఎవరుంటున్నారో నాకు తెలియదు. మధ్యాహ్నం ఆపా ఒక్కతే వచ్చి, అమ్మ కూర్చునే చోటు పక్కనే కూర్చుంది.

"అమ్మ సుత పోయె గద అన్నా. ఇంక ఆ పని చేసెయ్" అంది లేస్తూ.

నిజమే, ఇప్పుడు అడ్డుపడేవాళ్లెవరు? ఆమె వెళ్లగానే పురోహితుడికి ఫోను చేశాను. ఆయన చాలా మర్యాదగా, పోయినవారి పేరు చెప్పండి బాబూ, అన్నాడు. మళ్లీ చేస్తానని పెట్టేశాను. అమ్మది మొండితనమని ఇన్నేళ్లూ విసుక్కున్నాను, పిచ్చివాణ్ణి. పిండం పెట్టేస్తే నేనొక్కణ్ణే మిగులుతాను. పెట్టనంతకాలం మా ఇంట్లో ఇద్దరం.